వినతిపత్రం: పంపుకు కావలసిన సెట్టు ఇప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి, టైప్ 1 మధుమేహంతో ఇన్సులిన్ పంపు వాడుతున్నవారు, వారి కుటుంబాలు సవినయంగా చేసుకునే విన్నపం.

పంపు ఖరీదు లక్షల్లో ఉంటుంది. అయినా అది ఎప్పుడో ఒకసారి కొనేది. అప్పో సప్పో చేసి, దాతల కాళ్లావేళ్లా పడి తెచ్చుకుంటున్నాం. మమ్మల్ని కుంగదీస్తున్నది దాన్ని ఒంటికి కలిపే ఇన్‌ఫ్యూజన్ సెట్టు. సన్నని గొట్టం, చర్మం కింద నిలిచే చిన్న కాన్యులా, పైన అంటించే పట్టీ. మెత్తని కాన్యులాను రెండు మూడు రోజులకు, ఉక్కు సూదినైతే రెండు రోజులకే మార్చాలి. మూడు రోజుల చొప్పున వేసుకున్నా నెలకు పది, ఏడాదికి 120కి పైనే. గుచ్చేటప్పుడు మడతపడినవీ, మన ఎండల్లో చెమటకు ఊడిపోయినవీ ఈ లెక్కలోకి రావు.

పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా తీరిపోయే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా కాపుకాసే ఇన్సులిన్ ఒంట్లో వేరే ఉండదు. కాన్యులా వంగినా, జారినా కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. గొట్టం మూసుకుపోతే పంపు మోగుతుంది కానీ, ఇన్సులిన్ చర్మం బయటికి కారిపోతే దానికి తెలియదు. అందుకే సెట్టు మార్చాక గంట రెండు గంటల్లో షుగర్ చూసుకోవాలి, పడుకోబోయే ముందు మార్చకూడదు, ఇన్సులిన్ పెన్ను దగ్గర ఉంచుకోవాలి. డబ్బు చాలక అదే సెట్టును ఐదారు రోజులు లాగించే ఇళ్లలో గుచ్చినచోట చీము పడుతుంది. ఒకేచోట మళ్లీ మళ్లీ గుచ్చితే కొవ్వు గడ్డకట్టి, ఇన్సులిన్ ఒకరోజు ఇంకుతుంది, ఒకరోజు ఇంకదు. పొట్ట, తొడ, పిరుదు పైభాగం వంతులవారీగా ఎలా మార్చుకోవాలో చేయి పట్టి నేర్పే మనిషి జిల్లాల్లో దొరకడం లేదు.

ఇంజెక్షన్లు ఉండగా పంపెందుకని అడగవచ్చు. రోజుకు నాలుగు ఇంజెక్షన్లతో చక్కగా బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు; అందరికీ పంపు ఇవ్వమని మేము కోరడం లేదు. కానీ పెన్నుతో అర యూనిట్‌కు తక్కువ ఇవ్వలేం. పసిబిడ్డకు గంటకు 0.05 యూనిట్ కావలసి వచ్చినప్పుడు, నిద్రలో షుగర్ పడిపోయినా తెలియని రోగి విషయంలో, డాక్టర్లు పంపు రాయడం విలాసం కోసం కాదు.

ఏటేటా ఖర్చయ్యేదాన్ని ఖజానా మోయలేదన్నది రెండో అభ్యంతరం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, మూత్రపిండాలు చెడినవారికి వారం వారం డయాలిసిస్ చేయిస్తోంది. వినబడని పిల్లలకు కాక్లియర్ పరికరం అమర్చి ఊరుకోలేదు, మాటలు నేర్పే శిక్షణ కూడా కలిపింది. పరికరం ఒక్కటే వైద్యం కాదని ఈ ప్రభుత్వ వ్యవస్థ ఎప్పుడో ఒప్పుకున్నట్టే. కేరళలో ‘మిఠాయి’ పథకం కింద టైప్ 1 పిల్లల చికిత్సను ప్రభుత్వమే చూసుకుంటోంది. సెట్టు దొరక్క కీటోన్లతో ఐసీయూలో చేరిన బిడ్డకయ్యే ఖర్చును కూడా లెక్కలో వేసి చూడండి.

కాబట్టి నిపుణుడి చీటీ మీద సెట్లు, ఇన్సులిన్ నింపే రిజర్వాయర్లు జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనే ఇప్పించాలి. ప్రతి జిల్లాలో కనీసం ఒక నర్సుకు సెట్టు అమర్చడం నేర్పే శిక్షణ ఇవ్వాలి. పరీక్ష హాళ్లలో పంపును సెల్‌ఫోన్‌గా భావించి తీయించవద్దని విద్యాశాఖకు రాయాలి. సెట్టు గడువు మూడు రోజులే కనుక, ఏ నెలా సరఫరా ఆగకుండా ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాం.