ఎవరి పొగ ఎవరి ముక్కుకు?

పరకాలనుంచి ఒక చిన్నారి ఇలా రాసింది: "మా అమ్మ పత్తికట్టెతో వంట చేస్తుంది. ఇల్లంతా పొగ. మా వీధిచివర మేడలో గ్యాసుపొయ్యి, ఏసీ, కారు ఉన్నాయి. అక్కడ పొగే రాదు. 'గాలిని పాడుచేసేది మీలాంటివాళ్లే' అని బడిలో ఒక అబ్బాయి అన్నాడు. నిజమేనా?"

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు కావాలంటే రెండిళ్లనూ విడివిడిగా చూడాలి.

ముందు మీ ఇల్లు. పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలే కట్టె డబ్బు పెట్టకుండానే దొరుకుతుంది. గ్యాసుబండకు సొమ్మంతా ఒక్కసారే ఇవ్వాలి. ఏనాటి కూలి ఆనాటికే సరిపోయే ఇంట్లో అంత సొమ్ము నిలవదు. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి ఎన్నో పేదఇళ్లకు గ్యాసు కనెక్షను ఇచ్చింది. కాని బండ ఖాళీ అయ్యాక మళ్లీ తెచ్చుకోలేక, తిరిగి కట్టెల పొయ్యే వెలిగించినవారూ ఉన్నారు.

పొయ్యిలో కట్టె పూర్తిగా కాలదు. అందువల్ల సన్నని మసినలుసులు పొగలో తేలుతాయి. వాటిలో చాలావాటి మందం మిల్లీమీటరులో నాలుగువందలోవంతు కూడా ఉండదు! అవి ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. 2020లో ఇళ్లలోని ఇటువంటి పొగవల్ల ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక ఆ మేడ సంగతి. పొగ రాదన్నావు. వస్తుంది, అయితే ఆ ఇంట్లో కాదు! పరకాలనుంచి భూపాలపల్లి వైపు పోతే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2010లో 500 మెగావాట్లతో మొదలైంది. 2016లో మరో 600 మెగావాట్లు చేరాయి. అక్కడ బొగ్గు కాల్చి కరెంటు తీస్తారు. ఒక యూనిట్ కరెంటుకు అరకిలో పైచిలుకు బొగ్గు కావాలి. ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారు 10 యూనిట్లు, అంటే ఆరేడు కిలోల బొగ్గు! మీ ఫ్యాను అంతసేపు తిరిగినా అరకిలో బొగ్గు కూడా పట్టదు.

అటువంటి కేంద్రాలలో బూడిదను పట్టే యంత్రాలుంటాయి. అవి చాలా బూడిదను ఆపుతాయి. అయినా వాయువులూ, మరీ సన్నని దుమ్మూ కొంత బయటపడతాయి. వాటిని ముందుగా పీల్చేది చుట్టుపక్కల పల్లెలవారు. కారు పొగా అంతే. లోపల కూర్చున్నవారికంటే ముందు రోడ్డున నడిచేవారికి తగులుతుంది. మేడకు వాడిన సిమెంటూ, ఇటుకా ఎక్కడో పొగలోనుంచి వచ్చినవే.

చూశావా? మీ ఇంటి పొగ లేమివల్ల వచ్చింది. దాన్ని అందరికంటే ఎక్కువ పీల్చేది మీ అమ్మే. మేడవారి పొగ కలిమివల్ల వచ్చింది; దాన్ని పీల్చేది ఎక్కువగా ఇతరులు. కనబడే పొగకు నింద వస్తుంది, కనబడని పొగ తప్పించుకుంటుంది.

ఆ అబ్బాయితో పోట్లాడకు. ఇద్దరూ కలిసి మీ రెండిళ్ల కరెంటు బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. యూనిట్లు కూడితే జవాబు దానంతటదే వస్తుంది.

ఈలోగా కట్టెను బాగా ఎండబెట్టండి. వంటవేళ తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచండి. పసిపిల్లలను పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి. గ్యాసుబండ వచ్చేదాకా మీ అమ్మకు ఆ కాస్త గాలైనా ఆడాలి కదా!