ఆ డబ్బా ఎందుకు తిరిగి రాదు?

సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. ఆ రోజుల్లో మైత్రీవనం చుట్టూ తిరిగి జావా, ఒరాకిల్ నేర్చుకుని ఇటుకేసి వచ్చినవాళ్ళలో చాలామందికి ఇప్పుడు 45 దాటింది. వయసు గుర్తుచేసి ఏడిపించడానికి కాదులెండి :) అమెరికాలో పెద్దపేగు కాన్సర్ పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసుని 2021లో 50 నుంచి 45కి దించారు. మనదేశంలో ఈ జబ్బు అక్కడికన్నా తక్కువే. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కాన్సర్ల పరీక్షలే ఉన్నాయి, పేగు లేదు. కాబట్టి ఎవరో వచ్చి తలుపు తడతారని కూర్చుంటే లాభం లేదు.

ఆఫీసు హెల్త్ చెకప్‌లో రక్తం ఇవ్వడానికి పరగడుపునే క్యూ కడతారు. మలపరీక్షకిచ్చిన డబ్బా మాత్రం చాలామంది డ్రాయర్లోనే ఉండిపోతుంది. అవగాహన లేకనే అంటారు. నేనొప్పుకోను. మన ఐటీ ఉద్యోగులు 345 మందిని చూస్తే 84 శాతానికి కాలేయంలో కొవ్వుందని హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ వాళ్ళ అధ్యయనం 2025లో తేల్చింది. ఆ వార్త వాట్సాప్‌లో పంపుకోని టీముందా? ఆ శుక్రవారం బిర్యానీ ఆర్డరు ఆగిందా? తెలియడం వేరు, చెయ్యడం వేరు.

అసలు అడ్డంకులు చిన్నవి, చెప్పుకోడానికి సిగ్గైనవి. నీళ్ళు తగలకుండా ఎలా పట్టాలి? ఎక్కడ దాచాలి? రిసెప్షన్లో అందరిముందూ ఎలా ఇవ్వాలి? ఇప్పుడొచ్చే ఫిట్ కిట్‌లో పుల్లతో కాస్త గీకి సీసాలో పెట్టి మూత బిగిస్తే చాలు. తిండి నియమాలూ లేవు. ఇంగ్లండులో పాత పద్ధతికి మూడుసార్ల నమూనాలు కావాల్సొచ్చేది. 2019లో ఒక్కసారి సరిపోయే ఫిట్‌కి మారారు. అంతకుముందు చేసిన ప్రయోగంలోనే, ఈ మార్పువల్ల తిరిగి పంపేవాళ్ళు సుమారు 7 శాతం పాయింట్లు పెరిగారు. కాన్సరంటే భయం పెరిగి కాదు, పని తగ్గి.

పోనీ డబ్బులిస్తే? ఫిలడెల్ఫియాలో 10 డాలర్లిచ్చి చూశారు, లాటరీ పెట్టి చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ వాళ్ళు మాత్రం అడక్కుండానే కిట్లు ఇళ్ళకి పంపి, వెంటపడి గుర్తుచేశారు. కొలనోస్కోపీలతో కలిపి పరీక్షలు సకాలంలో చేయించుకున్నవాళ్ళు 2000లో 39 శాతం, 2015కి 83. ఆ కాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి.

మా నాన్నగారికి కిట్ తెచ్చిస్తే పదిహేను రోజులు బీరువామీదే ఉంది. నేను నెట్లో చదివినవన్నీ అప్పజెప్పాను, వినలేదు. చివరికి మా ఊళ్ళో ఆయనకి పాతికేళ్ళుగా మందులిచ్చే డాక్టరుగారు ఫోన్లో "మాస్టారూ, రేపు పొద్దున చేసి అబ్బాయికిచ్చెయ్యండి, సాయంత్రం నాకు చెప్పండి" అన్నారు. మర్నాడే చేశారు! పాజిటివొచ్చింది. "నాకు మొలలున్నాయిగా, ఆ రక్తమేలే, వేడి చేసుంటుంది" అని మళ్ళీ మొండికేశారు. మళ్ళీ ఆ డాక్టరుగారే. కొలనోస్కోపీలో రెండు పాలిప్‌లు కనిపిస్తే అప్పుడే తీసేశారు. పాజిటివ్ అంటే కాన్సర్ అని కాదు, కానీ ఆ తర్వాతి మెట్టు ఎక్కకపోతే కిట్ దండగే. (రక్తం కంటికే కనిపిస్తున్నా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బున్నా కిట్ కాదు, నేరుగా డాక్టరు దగ్గరికే.)

టైంషీట్ నింపకపోతే శుక్రవారం సాయంత్రానికి మూడు మెయిళ్ళు పంపే మనకి, 45 దాటినవాళ్ళకి కిట్ ఇంటికి పంపి, ఫలానా తారీఖున ఇంటికే వచ్చి తీసుకెళ్తాం అని చెప్పడం చేతకాదా? సంతకం హెచ్.ఆర్.ది కాకుండా డాక్టరుది ఉండాలి. ఇంకోటి, ఫలితం కంపెనీకి చేరదని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎప్రైజల్ నెలలో ఎవరిస్తారండీ లేకపోతే?