తీగ వెంట వచ్చిన కొలువు

2003వ సంవత్సరమున, నా వద్ద బి.ఏ. చదివి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, ఎం.ఏ. తెలుగులో చేరమంటారా? హైదరాబాదులో ఉద్యోగం ఒకటి దొరికింది, అందులో చేరమంటారా?” అని అడిగెను. అప్పటికి నేను కళాశాలలో చేరి పదేండ్లైనను కాలేదు. ఆ ఉద్యోగమేమని అడిగి తెలిసికొంటిని. అమెరికాలో వైద్యులు పగలంతయు రోగులను చూచి, ఒక్కొక్కరి సంగతి యంత్రములో మాటలాడి భద్రపరచుదురు. ఆ మాటలు తీగ వెంట సముద్రము దాటి మనకు వచ్చును. న్యూయార్కుకంటె మన గడియారము శీతకాలమున పదిన్నర గంటలు ముందు గనుక, వారికి ప్రొద్దుగ్రుంకి పని ముగియునప్పటికి మనకు తెల్లవారుచుండును. వారు నిద్రించుచుండగా ఇచ్చట విని, టైపుచేసి, వారు మేల్కొనునప్పటికి పంపవలెను. అక్షరములు, ఖాళీలు కలిపి 65 అయినచో ఒక పంక్తి. పంక్తికి ఇంత యని కూలి. ‘మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్’ అని దానికి పేరు. తెలుగు ఎం.ఏ. చదివి ఉద్యోగమునకై ఎదురుచూచుటకంటె అదియే మేలని చెప్పి పంపితిని. ఆమె మొదటి జీతముతో నాకొక కలము కొని తెచ్చెను. చాలకాలము ఆ సలహాను తలచుకొని గర్వించితిని.

ఆ రోజులలో అట్టి కొలువులు మన ప్రాంతమునకు వానవలె వచ్చి పడుచుండెను. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగుళూరులో శాఖను తెఱచుటయు, 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించుటయు, 2000 సంవత్సరము రాకమునుపే కంప్యూటర్లలోని తేదీలను సరిచేయుటకు వేలకొలది మనుష్యులు కావలసి వచ్చుటయు ఒకదాని వెంట ఒకటి జరిగెను. ఇవి ఎవరి దయవలననో వచ్చినవి కావు. మన ప్రతిభను మెచ్చి మాత్రమే వచ్చినవియు కావు. అదే పని ఇచ్చట తక్కువ జీతమునకు జరుగును; మనవారికి ఇంగ్లీషు వచ్చును; కబురు మోయు తీగ చౌక అయినది. అంతే.

పని ఇచ్చటికి వచ్చినదనగా అచ్చట ఎవరి చేతినుండియో పోయినదని అర్థము. ఈ చిన్న లెక్క మనము వేయలేదు. 2014 అక్టోబరులో అమెరికాలోని ఆర్లెండో నగరమున డిస్నీ సంస్థ సుమారు 250 మంది కంప్యూటరు ఉద్యోగులకు ఉద్వాసన చెప్పెను. వారిలో కొందఱు, భారతదేశపు సంస్థల ద్వారా తాత్కాలిక వీసాలపై వచ్చినవారికి తమ పని తామే నేర్పి, 2015 జనవరి చివర కుర్చీలు ఖాళీచేసి పోవలసి వచ్చెను. ఆ వార్త చదివిననాడు మా అధ్యాపకుల గదిలో ఒకరు “వాళ్ళకు మనమంటే అసూయ” అనిరి. నేను ఊరకుంటిని. (ఊరకుండుట అధ్యాపకుల గదిలో సంప్రదాయము.) కాని ఆలోచించి చూడుడు: ఇరువదియేండ్లు చెప్పిన పాఠమును మఱియొకనికి మూడు నెలలలో అప్పగించి, ఆపైన ఇంటికి పొమ్మన్నచో, మనలో ఎవరు ఆశీర్వదించి పోవుదురు? 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఎచ్-1బి వీసా కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు మా వీథిలో మూడు ఇండ్లలో నిద్ర లేదు. మనుష్యుడు పని వెంట పోవుట వేఱు, పని మనుష్యుని వద్దకు వచ్చుట వేఱు. అచ్చటివాని కోపము మాత్రము రెంటి మీదను ఒక్కటే. ఆ కోపము న్యాయమా కాదా యనునది వేఱు చర్చ. అది వట్టి అసూయ కాదని మాత్రము నేననుచున్నాను.

అమెరికా ఫెడరల్ రిజర్వు బ్యాంకునకు ఒకప్పుడు ఉపాధ్యక్షుడుగా నుండిన అలాన్ బ్లైండర్ అను ఆర్థికశాస్త్రవేత్త 2006లో ఒక వ్యాసము వ్రాసెను. ఏ కొలువు నిలుచును, ఏ కొలువు దేశము విడుచును అనునది చదువు ఎక్కువ తక్కువలను బట్టి యుండదనియు, నాణ్యము చెడకుండ ఆ పని తీగ వెంట పోగలదా లేదా యనుటయే గీటురాయి యనియు ఆయన వాదము. ఈ లెక్కన కుళాయి బాగుచేయువాని పని ఊరిలోనే యుండును. పట్టభద్రుడైన లెక్కల గుమాస్తా పని ఊరు విడుచును.

ఇది మనకు కొత్త సంగతి కాదు. తీగ లేని కాలముననే మనము దీనిని చూచితిమి. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణము మొదలగు రేవులనుండి పోయిన అద్దకపు నూలుబట్ట ఇంగ్లండులో ఎంత ప్రియమైనదనగా, అచ్చటి నేతవారు గగ్గోలు పెట్టగా 1700లో దాని దిగుమతిని అడ్డగించిరి. అదియు చాలక 1721లో అట్టి బట్టను ధరించుటయే నేరమని శాసనము చేసిరి. అంతకు రెండేండ్ల ముందు లండనులో పట్టునేత పనివారు వీథులలో స్త్రీల ఒంటిమీది అద్దకపు బట్టలను చించివేసిరి. నాటి లండను నేతగానికిని నేటి ఆర్లెండో గుమాస్తాకును నాకు పెద్ద భేదము కనబడదు.

ఆ కథకు రెండవ భాగము కలదు. 1742లో కోరమండల తీరమున నుండిన కేర్దూ అను ఫ్రెంచి పాదిరి, క్రైస్తవులైన అద్దకపు పనివారిని విచారించి, బట్టను కరక్కాయలో, గేదెపాలలో నానవేయుట మొదలు పటిక, చిరివేరు, నీలిమందు వరుసగా ఎట్లు వాడుదురో లేఖగా వ్రాసి స్వదేశమునకు పంపెను. (భాషాశాస్త్రము చదివినవారు ఈ పాదిరిని మఱియొక విధముగ నెఱుగుదురు, తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు.) ఆ లేఖ ఒక్కటియే ఐరోపాలో అద్దకమును నిలబెట్టెననరాదు, అంతకు ముందే అచ్చట ప్రయత్నములు జరుగుచుండెను. కాని దానిని తలచినప్పుడెల్ల నాకొకటి తోచును. పని చేతిలోనున్నంత కాలము అది ఆ ఊరిది. వరుసగా కాగితము మీదికి దిగిననాడు దానికి కాళ్ళు వచ్చును. తరువాతి శతాబ్దమున లాంకషైరు మరబట్ట మన సంతలకే వచ్చి పడెను.

ఇప్పటి కంపెనీలలో అట్టి లేఖకు ‘ప్రాసెస్ డాక్యుమెంట్’ అని పేరు. అది వ్రాయబడుటచేతనే పని మనదాక వచ్చినది. అట్లు వచ్చినది మనవద్దనే ఆగునను నియమము లేదు. 2010 ప్రాంతమున, టెలిఫోనులో మాటలాడు కొలువులలో ఫిలిప్పీన్సు మనలను దాటిపోయెను. ఆపైన మనుష్యుని బదులు యంత్రమే వినుట మొదలయ్యెను.

నా శిష్యురాలు నిరుడు కనబడెను. ఇప్పుడు వైద్యుని మాటలను యంత్రము విని వ్రాయును. దానిని సరిదిద్దుట ఆమె పని. పంక్తికి వచ్చు కూలి మునుపటిలో సగము. తండ్రి చేసిన అప్పు తీర్చినదియు, తమ్ముని చదివించినదియు ఆ కొలువే గనుక దానిని గూర్చి ఆమె చెడుగా మాటలాడలేదు. నేనును మాటలాడను.

“యంత్రం బాగానే రాస్తుంది మాస్టారూ. మొన్న ఒకచోట రక్తపోటు ఎక్కువ అని రాసింది. కింద చెప్పిన మందేమో తక్కువైతే ఇచ్చేది. డాక్టరు మాట నమిలేశాడు. నేను అక్కడ ఆగి, గుర్తు పెట్టి తిప్పి పంపాను. ఆగినందుకు పంక్తి లెక్కలో ఏమీ రాదు” అనెను.

అచ్చట ఆగుట ఆమె నా తరగతిలో నేర్చెనని చెప్పుకొనుటకు నాకు ధైర్యము లేదు. మన తరగతులు ఎట్టివో చెప్పెదను. ప్రతి వేసవి నేను జవాబుపత్రములు దిద్దుటకు పోవుదును. ఒక యేడు గైడులో ‘అరణ్యమునకు’ అనవలసిన చోట ‘ఆవరణమునకు’ అని అచ్చుపడినది. ఒక కట్టలో ముప్పది పత్రములుండగా, ధర్మరాజు తమ్ములతో, ద్రౌపదితో ఆవరణమునకు పోయెనని పదునెనిమిదిమంది వ్రాసిరి. ఒక్క పిల్లవాడు ‘అడవులు పట్టి పోయారు’ అని తన మాటలో వ్రాసి, అన్నగారి మాటకు తమ్ములలో ఒక్కడైనను ఎదురాడలేదేమని తానే ఒక ప్రశ్న వేసి, జవాబు దొరకక వదలిపెట్టెను. మాకిచ్చిన మార్కుల పట్టికలో ప్రశ్నకు మార్కు లేదు. వానికి ఎనిమిదింట మూడు. ఆవరణమునకు పంపినవారికి ఆఱు. పట్టిక ప్రకారము నేనే వేసితిని. ఆ పట్టికను చేతికిచ్చినచో ఆ దినమున నేను చేసిన పని మనీలాలో నెవరైనను చేయగలరు, యంత్రమైనను చేయగలదు.

ఆంగ్లము నేర్పవలదనిగాని, పిల్లలు ఆ కొలువులకు పోరాదనిగాని నేననను. పోవుదురు, పోక యేమి చేయుదురు? గైడు వల్లెవేయించి, అదియే చదువని చెప్పి పంపుచున్నామే, అందులకు సిగ్గుపడుచున్నాను.

ఈ యేడు తరగతిలో పాఠము వ్రాయించునప్పుడు కావలెనని ఒక తప్పు చెప్పుచున్నాను. మొదటి రెండు వారములు అందఱును తప్పుతోనే వ్రాసికొనిరి. మూడవ వారమున చివరి బల్లమీది ఒక బాలిక కలము ఎత్తి, “సార్, ముందు వాక్యానికీ దీనికీ పొసగడం లేదు” అనెను. మిగిలినవారు తలయెత్తక వ్రాసికొనుచునే యుండిరి.