అలిగిన ఆటగాణ్ణి మరల పిలువవలెనా?

విద్యార్థులు క్రికెట్టును గురించి వాదించుకొనుచుండగా అధ్యాపకులు విననట్లు నటించుట పరిపాటి. ఈ వ్యాసమున మేము ఆ పరిపాటిని తప్పుచున్నాము. హనుమ విహారిని ఆంధ్ర జట్టు మరల చేర్చుకొనుట ఉచితమేనా అను వాదము 2024లో బయలుదేరి, అతడు 2025లో త్రిపుర జట్టుకు తరలిపోయిన తరువాత కూడ మన వసారాలలో చల్లారలేదు. చల్లారకపోవుటయే మంచిది. ఆ వాదము ఒక్క విహారికి సంబంధించినది కాదు.

జరిగినదేమో ముందు చెప్పుకొందము. 2024 జనవరిలో రంజీ పోటీలు మొదలైనప్పుడు ఆంధ్ర నాయకుడు విహారియే. బెంగాలుతో ఆడిన మొదటి ఆట ముగియగానే నాయకత్వము రికీ భుయి చేతికి వెళ్లినది. విహారి తానే తప్పుకొన్నాడని అప్పుడు అందరును అనుకొన్నారు. ఫిబ్రవరి 26న ఇందోరులో మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో క్వార్టర్ ఫైనల్ ఓడిన నాడు అతడు మౌనము వీడినాడు. బెంగాలుతో ఆట నాడు జట్టులోని 17వ ఆటగాణ్ణి కేకలు వేసితిననియు, ఆ యువకుని తండ్రి రాజకీయ నాయకుడగుటచే సంఘము తనను తప్పించినదనియు, ఆత్మగౌరవము పోయిన చోట ఇక ఎన్నడును ఆడననియు బహిరంగముగా ప్రకటించినాడు. ఆ యువకుడు ఈ మాటను ఖండించినాడు. విహారి దుర్భాషలాడినట్లు తమకు ఫిర్యాదు అందినదని ఆంధ్ర క్రికెట్ సంఘము బదులు చెప్పినది. సహచరులు విహారి పక్షమున సంతకములు చేసిన లేఖయు బయటపడినది. మార్చిలో సంఘము అతనికి సంజాయిషీ నోటీసు పంపినది.

ఈ సంజాయిషీ అను పదమును గురించి ఒక మాట. ఉర్దూ, తెలుగు రెండును చదువుకొను మన కళాశాలలో ఇది అప్రస్తుతము కానేరదు. ‘సమఝ్’ అనగా అర్థము చేసికొనుట. దాని నుండి పుట్టి, కచేరీల ద్వారా తెలుగులో స్థిరపడిన ఈ మాటకు అసలు భావము తెలియజెప్పుట. ఇప్పుడేమో ఆ కాగితము అందుకొన్నవాడు శిక్ష పడినట్లే భావించును, పంపినవాడును అట్లే భావించును. వినుటకు పుట్టిన పత్రము బెదరించుటకు పనికివచ్చుచున్నది. నాయకుణ్ణి మార్చుటకు ముందే విహారిని, ఆ యువకుణ్ణి ఇరువురిని కూర్చుండబెట్టి విని, కారణమును వ్రాతలో పెట్టి ప్రకటించి ఉన్నచో ఫిబ్రవరిలో అంత అలజడి పుట్టెడిది కాదు.

మన దేశవాళీ క్రికెట్టులో ఆటగానికిని రాష్ట్ర సంఘమునకును మధ్య సాధారణముగా దీర్ఘకాలపు కరారునామా ఉండదు. 2021లో బోర్డు నిర్ణయించిన ప్రకారము రంజీ ఆటకు అనుభవమును బట్టి దినమునకు 40,000 నుండి 60,000 రూపాయలు. తుది జట్టులో లేనివానికి అందులో సగము. ఎంపికయే కానివానికి ఏమియు లేదు. పోనీ వేరొక రాష్ట్రమునకు పోదమన్నచో, ఉన్న సంఘము నిరభ్యంతర పత్రము ఇవ్వవలెను. అనగా సంఘము ఆటగానికి ఏ మాటయు ఇచ్చియుండదు గాని, వాని తాళపుచెవి మాత్రము దాని మొలలో ఉండును. నాలుగు సార్లు వ్రాసినను రెండు నెలలపాటు ఆ పత్రము రాలేదని విహారి 2024 జూనులో చెప్పినాడు. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వము మారినది. మారగానే పత్రము చేతికందినదని కూడ అతడే చెప్పినాడు. పిమ్మట మంత్రి నారా లోకేశ్ గారిని కలిసికొని, ఆంధ్రకే మరల ఆడుదునని ప్రకటించినాడు. సెప్టెంబరులో మన విజయవాడ లోకసభ సభ్యులు కేశినేని శివనాథ్ గారు సంఘాధ్యక్షులైనారు.

అతనిని చేర్చుకొనుట సరియైనదే; చేర్చుకొన్న తీరు సరియైనది కాదని మా అభిప్రాయము. 2021 జనవరిలో సిడ్నీ టెస్టున తొడ కండరము చిట్లిన కాలితో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయుడుగా నిలిచినవాడు, 2023లో ఇదే ఇందోరులో మణికట్టు విరిగియు ఎడమచేతి వాటమున ఆంధ్ర కొరకు బ్యాటు పట్టినవాడు, జట్టుపై ప్రేమలేనివాడని ఎవరు అనగలరు? అట్టి వానిని దూరము చేసికొనుట అవివేకము. అయితే మూసిన తలుపును తెరచినది ఏది? విచారణ కాదు, ఎన్నికల ఫలితము. కనీసము జనులకు అట్లు కనిపించినది. ఒక ప్రభుత్వముతో మూతపడి మరొక ప్రభుత్వముతో తెరచుకొను తలుపు, ఇంకొక ప్రభుత్వముతో మరల మూతపడదని భరోసా ఏమి?

క్రమశిక్షణ సంగతి ఏమని కొందరు మిత్రులు అడుగుదురు. అడుగవలసినదే. విశ్రాంతి గదిలో అట్టి మాటలు మామూలేయను సమర్థన మాకు రుచింపదు. పెద్దవాని నోటి దురుసు చిన్నవానికి మామూలు కాదు. ఇక ఎన్నడును ఆడనన్న ప్రతిజ్ఞ కూడ తొందరపాటే. నాలుగు నెలలకే దానిని వెనుకకు తీసికొనవలసి వచ్చినది గదా! కాని ఈ తప్పులకు తగిన శిక్షలు ఉన్నవి. జరిమానా ఉన్నది, రెండు ఆటల నిషేధమున్నది. ఆటగాని బ్రతుకును త్రాళ్లతో కట్టివేయుట వానిలో ఒకటి కాదు.

మొండి ఆటగాడనగానే మన తెలుగువారికి గుర్తుకు వచ్చువాడు గుంటూరున పుట్టిన అంబటి రాయుడు. 2002లో 17 ఏండ్ల ప్రాయమున, హైదరాబాదు తరఫున ఆంధ్రపైననే ఒకే ఆటలో 210, 159 పరుగులు చేసినాడు. 2005లో హైదరాబాదుతో చెడి ఆంధ్రకు వచ్చినాడు. మరుసటి యేట తిరిగి వెళ్లినాడు. 2007లో బోర్డు గుర్తింపులేని ఐసీఎల్‌లో చేరి నిషేధమునకు గురియైనాడు. 2009లో బోర్డు క్షమించినది. 2018 జనవరిలో మైదానమున దురుసు ప్రవర్తనకు రెండు ఆటల నిషేధము పడినది. ఆ నెలలోనే చెన్నై జట్టు అతనిని 2 కోట్ల 20 లక్షలకు కొన్నది. ఆ యేడు అతడు 602 పరుగులు చేసినాడు, చెన్నై విజేతయైనది. చెన్నైవారు అతని స్వభావమును ఎరుగక కొన్నారా? శిక్ష శిక్షగా పడినది, ఆట ఆటగా సాగినది. ఆ రెంటిని కలుపకుండుటయే వారి తెలివి.

అయినను ఒప్పందము తప్పువాడు ఎల్లప్పుడును ఆటగాడే అనుకొనరాదు. రహీం సాహెబు ఫుట్‌బాలు నేర్పిన హైదరాబాదులో, 2022 మార్చిలో జాతీయ లీగు గెలిచిన హైదరాబాదు ఎఫ్‌సీ 2023–24 నాటికి జీతములు చెల్లింపలేక ఆటగాండ్రను ఒక్కరొక్కరుగా పోగొట్టుకొని పట్టికలో అట్టడుగున నిలిచినది. వారిని అవిధేయులని ఎవరైన అందురా?

మమ్ము బాధించునది వేరొకటి కలదు. విహారి 16 టెస్టులు ఆడినవాడు. అతడు ఒక్క మాట అన్న, మరునాడు దేశమంతట పత్రికలలో వచ్చును. మన మైలవరము నుండి కొండపల్లి, ఇబ్రహీంపట్నముల మీదుగా మూలపాడు మైదానమునకు తెల్లవారకముందే సంచి భుజాన వేసికొని పోవు కుఱ్ఱవాడున్నాడు. 2016లో వెస్టిండీస్ మహిళలు ఆడిన మైదానమది. అచట జాబితాలో తన పేరు లేకపోయినచో వాడు ఎవరికి వ్రాయవలెను? వాని తండ్రి ఆటో నడుపువాడో, మామిడి తోటలో కూలివాడో. వాని అలుకను ఎవరును తీర్చరు. వాడు బ్యాటును అటక మీద పడవేసి ఏదో దుకాణమున చేరిపోవును. ఆ నష్టము ఏ లెక్కలోను కనబడదు.

కావున ముందు మన ఇంటనే మొదలుపెట్టుదము. మన కళాశాల జట్టు నుండి ఒక విద్యార్థిని తొలగించునప్పుడు కారణము కాగితముపై ఉండవలెను. తొలగించుటకు ముందే వాని మాట వినవలెను. వినువారిలో ఒక విద్యార్థి ప్రతినిధి ఉండవలెను. వాడు మరల రాదలచినచో ఏ షరతుపై, ఏ తేదీ నుండి రావచ్చునో అదే కాగితమున వ్రాసి యుండవలెను. అంతర కళాశాలల పోటీలకు జట్టును ఎంపిక చేయుటకు పూర్వమే కమిటీ పెద్దలు ఈ విషయమును తమ సమావేశమున చర్చకు తీసికొనవలసినదిగా కోరుచున్నాము.