పగటి లైటు షోకు కాదు, రక్షణ



ఉదయం గేటు డ్యూటీలో నిలబడే మా టీచర్లకు ఈ మధ్య ఒక మార్పు బాగా కనిపిస్తోంది. పిల్లలను దింపడానికి వచ్చే బైకుల్లో చాలావాటికి ముందు చిన్న చిన్న ఎల్‌ఈడీ లైట్లు చేరాయి. కొన్ని తెల్లగా, నిలకడగా వెలుగుతున్నాయి. కొన్ని నీలం, ఎరుపు రంగుల్లో టపటపా కొట్టుకుంటున్నాయి. మొదటి రకాన్ని నేను సమర్థిస్తాను. రెండో రకం మాత్రం మన స్కూలు వీధిలోకి రాకూడదని నా అభిప్రాయం.

ఎండలో లైటెందుకు?

డేటైమ్ రన్నింగ్ లైట్ ఉన్నది మనం దారి చూసుకోవడానికి కాదు, ఎదుటివాళ్లకు మనం కనబడటానికి. ఎదురుగా చూస్తే కారు ఒక గోడలా కనిపిస్తుంది, బైకు సన్నటి గీతలా ఉంటుంది. యూటర్న్ తీసుకునే కారు డ్రైవరు, సందులోంచి మెయిన్ రోడ్డెక్కే ఆటో డ్రైవరు ఆ గీతను గమనించకపోతే నష్టపోయేది మనమే. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో హ్యారీ హర్ట్ బృందం 900 మోటారు సైకిల్ ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ఎదుటి వాహనదారు బైకును గుర్తించలేకపోవడమే ప్రమాదాలకు ప్రధాన కారణమని అందులో తేల్చింది. స్వీడన్ 1977 నుంచే అన్ని వాహనాలకూ పగటి లైటు తప్పనిసరి చేసింది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ స్టార్ట్ అవగానే హెడ్‌లైట్ దానంతటదే వెలిగే ఏర్పాటు వచ్చింది.

అందుకే ముందు మీ బండి ఏ సంవత్సరానిదో చూసుకోండి. ఆ తేదీ తర్వాత తయారైనదైతే పగటి లైటు మీకు ఇప్పటికే ఉంది. దారిలో ఎవరైనా వేళ్లు ముడిచి తెరిచి ‘లైటు వెలుగుతోంది’ అని సైగ చేస్తే నవ్వి ముందుకు సాగండి. పాత బండి అయితే హెడ్‌లైట్ స్విచ్ మీ చేతిలోనే ఉంది. పగలు కూడా లో బీమ్ వేసుకుని రండి. పాత 100 సీసీ బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా నేరుగా మాగ్నెటో కరెంటుతో వెలుగుతుంది. కాబట్టి బ్యాటరీ దిగిపోతుందన్న భయం అక్కర్లేదు, ఖర్చూ లేదు.

పెట్టించాలనే అనుకుంటే

విడిగా డీఆర్‌ఎల్ పెట్టిస్తే తప్పని నేను అనను. కానీ పని పద్ధతిగా జరగాలి.

మొదటిది, కరెంటు లెక్క. పది వాట్ల లైట్లు రెండు పెడితే 12 వోల్టుల మీద సుమారు 1.7 ఆంపియర్లు లాగుతాయి. చిన్న బండ్లలో ఉండే 3 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద ఇంజిన్ ఆపి వాటిని వెలిగిస్తే రెండు గంటలు కూడా నిలవదు. ఇంటి నుంచి స్కూలుకు మూడు కిలోమీటర్లు, అందులోనూ సిగ్నళ్ల దగ్గర ఆగుతూ వస్తే బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయ్యే సమయం ఉండదు. తక్కువ వాట్ల లైటు చాలు.

రెండోది, వైరింగ్. తాళం చెవి తిప్పితేనే వెలిగేలా, ఫ్యూజు పెట్టి కనెక్షన్ ఇవ్వమనండి. కంపెనీ వైరు కోసి, జాయింట్ కొట్టి, టేపు చుట్టేసే పని ఒప్పుకోకండి. వానకు తడిసినా, ఎండకు టేపు ఊడినా షార్ట్ సర్క్యూట్ అయ్యేది పెట్రోల్ ట్యాంకు కిందే. మీ పాప కూర్చునేది ఆ ట్యాంకు దగ్గరే. వారంటీలో ఉన్న బండి అయితే ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి.

మూడోది, రంగు. ముందు వైపు ఎర్ర లైటు చూపడం మోటారు వాహన నిబంధనలకు విరుద్ధం. అంబులెన్సును, పోలీసు వాహనాన్ని తలపించే ఫ్లాషర్లు రోడ్డు మీద అందరినీ తికమక పెడతాయి. పక్కనే మరో లైటు కొట్టుకుంటూ ఉంటే మీరు వేసిన ఇండికేటర్ కూడా ఎవరికీ తెలియదు. తెల్లగా, నిలకడగా, కాస్త కిందికి చూసే లైటు చాలు. చీకటి పడ్డాక దాన్ని తగ్గించుకునే, లేదా ఆపేసే వీలుండాలి.

మన గేటు దగ్గర మరో సమస్య ఉంది. క్రాష్ గార్డుకు బిగించిన లైటు పైకి తిరిగి ఉంటే, ఆ వెలుగు సూటిగా పడేది ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల కళ్లల్లోనే. కళ్లు చెదిరిన పిల్లలకు పక్క నుంచి వచ్చే బండి కనబడదు. దయచేసి గేటు ముందు ఆగినప్పుడు అదనపు లైట్లు ఆపేయండి.

లైటు ఉన్నా కనబడకపోతే?

హ్యాండిల్‌కు లంచ్ బ్యాగ్ తగిలిస్తే అది హెడ్‌లైట్‌కు అడ్డం వస్తుంది. వెనక కూర్చున్న బాబు స్కూల్ బ్యాగ్ పక్కకు వేలాడితే ఇండికేటర్ మూసుకుపోతుంది. వేలు పోసి లైట్లు కొని వాటి ముందు టిఫిన్ బాక్సు వేలాడదీస్తే ఏం లాభం?

మరో మాట. లైటు మన ప్రమాదాన్ని తగ్గించగలదు కానీ పడ్డప్పుడు తలను కాపాడలేదు. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్ల లోపు వారికి సేఫ్టీ హార్నెస్, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. ఈ నెల బడ్జెట్‌లో ఒక్కదానికే వీలుంటే డీఆర్‌ఎల్ వాయిదా వేసి, పిల్లలకు హెల్మెట్ కొనండి.

తొమ్మిది, పది తరగతుల పిల్లలు ‘డాడీ, మన బండికీ బ్లూ లైట్లు పెట్టిద్దాం’ అని అడుగుతున్నారని కొందరు తల్లిదండ్రులు మాతో అన్నారు. వద్దని కసిరి వదిలేయకండి. ఏ లైటు ఎందుకో, ఎన్ని వాట్లో వాళ్లతోనే లెక్క కట్టించండి. వాళ్ల ఫిజిక్స్ పాఠంలో ఉన్నదే అది. రేపు లైసెన్సు వచ్చాక వాళ్లు బండి నడిపే తీరు కూడా ఈ రోజు మీరు బండి మీద చూపించే పద్ధతి మీదే ఆధారపడి ఉంటుంది.