గృహవిజ్ఞానము: పరీక్షింపక పారవేయకుడు



ఈ మాసము మాకు చేరిన జాబులలో నొకటి మీ యందఱకును ఉపకరించునదిగా తోచినది. ఒక సోదరి యిట్లు వ్రాసినది: "మా అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. కుండీలోని మన్ను ఎండినపుడు తనంతట తానే నీరు పోయు సాధనమును ఆర్డుయినో ఊనో బోర్డుతో కూర్చినది. బోర్డునకు చిన్న 9 వోల్టుల బ్యాటరీ తగిలించి, పంపు మోటారునకు బోర్డుయొక్క 5 వోల్టుల కొననుండియే ట్రాన్సిస్టరు ద్వారా విద్యుత్తు నిచ్చినది. మోటారు తిరుగబోవు క్షణముననే బోర్డు ఆరి, మరల మొదటినుండి ఆరంభమగుచున్నది. అంగడివాడు బోర్డు చెడినది, క్రొత్తది కొనుడనుచున్నాడు. ఇంటిలోనివారు ఆడపిల్లకు ఈ తీగల పని యేల అనుచున్నారు. పిల్ల దిగులుపడి అంతయు పెట్టెలో పెట్టి మూసినది. ఏమి చేయుదును?"

సోదరీ! ముందు పెట్టె తెరిపింపుడు. బోర్డు చెడినదనుటకు ఇంకను సాక్ష్యము లేదు. వైద్యుడు నాడి చూడకయే మందు వ్రాయునా? ఈ బోర్డులు 2005 ప్రాంతమున ఇటలీలోని ఇవ్రియా పట్టణమున, విద్యుత్ శాస్త్రము చదువని విద్యార్థులకొఱకే పుట్టినవి. కావున మీకును అందరానివి కావు.

మేడమీది నీళ్లతొట్టిని తలచుకొనుడు. తొట్టి యెత్తు వోల్టు వంటిది. కుళాయినుండి పాఱు నీరు ఆంపియరు వంటిది. గొట్టము సన్ననిదైనచో ఒక కుళాయి త్రిప్పినపుడు ధార బాగుగనే యుండును. నాలుగు త్రిప్పినపుడు సన్నగిల్లును. చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఇట్టి సన్నని గొట్టము. బోర్డు నొక్కదానిని పోషింపగలదు. మోటారు కదలుటకు కోరు అధిక విద్యుత్తు నీయజాలదు.

ఇక పరీక్ష. ఒక మల్టీమీటరు చాలును. నల్లతీగను "కామ్" అను రంధ్రమునను, ఎఱ్ఱతీగను వోల్టుల రంధ్రమునను ఉంచి, బిళ్లను 20 వోల్టుల డీసీ వైపు త్రిప్పుడు.

మొదట బ్యాటరీని విడిగా చూడుడు. క్రొత్తదైన 9 వోల్టులకు తగ్గదు. అంకెకు ముందు ఋణచిహ్నము కనబడిన, తీగలు తారుమారైనవని తెలియుడు. అయితే ఈ అంకెను మాత్రము నమ్మకుడు. పనిలేనివేళ సోమరియు బలవంతునివలెనే కనబడును. బ్యాటరీకి 100 ఓముల, ఒక వాటు శక్తిగల రెసిస్టరును అయిదు సెకండ్లు తగిలించి, ఆ వేళనే మరల కొలువుడు. 9 ని 100 చే భాగించిన 0.09, అనగా 90 మిల్లీ ఆంపియర్ల బరువు మోపితిమన్నమాట. అప్పుడు 7 వోల్టులకు దిగజారినచో ఆ బ్యాటరీ ఈ పనికి చాలదు. ఊనోకు ఆ దారిన 7 మొదలు 12 వోల్టులు తగినవి. రెసిస్టరు వేడెక్కును, వ్రేళ్లతో పట్టుకొనకుడు.

పిదప అన్నియు కలిపి, బోర్డుపై 5 వోల్టుల కొనకును "జీఎన్‌డీ" కొనకును నడుమ కొలుచుచు మోటారు నడిపింపుడు. ఆ 5 వోల్టులు 2.7 కు దిగినచో లోని చిప్పు పని మాని, శక్తి కోలుకొనగానే మరల ఆరంభించునట్లు ఏర్పఱచియున్నారు. మీ అమ్మాయి చూచినది ఇదియే కావచ్చును. క్షణమాత్రపు పతనమును మీటరు పట్టలేకపోవచ్చును గనుక తుది పరీక్ష యిది: బోర్డునకు యూఎస్‌బీ తీగతో 5 వోల్టు లిచ్చి, పంపు 3 మొదలు 6 వోల్టులదైన దానికి వేఱుగ నాలుగు పెన్సిలు బ్యాటరీలను అమర్పుడు. రెంటి ఋణధ్రువములను మాత్రము కలుపవలెను. లేనిచో బోర్డు ఆజ్ఞ ట్రాన్సిస్టరునకు చేరదు. మోటారునకు అడ్డముగ ఒక డయోడు నుంచుట మఱవకుడు. ఇపుడు బోర్డు ఆరకున్న అది నిర్దోషి. ఇంకను ఆరినచో వదులైన తీగలను వెదకుడు.

మూడు జాగ్రత్తలు: మీటరును ఆంపియర్ల వైపు ఉంచి బ్యాటరీ రెండు కొనలకు తాకింపకుడు. మోటారును బోర్డుయొక్క ఆజ్ఞాసూచుల కెన్నడును నేరుగ కలుపకుడు. ఒక్కొక్క సూచికి 20 మిల్లీ ఆంపియర్లే తగినవి. గోడలోని 230 వోల్టుల జోలికి పోకుడు. చార్జరును నీటికి దూరముగ నుంచుడు.

కొలిచిన ప్రతి అంకెను అమ్మాయిచేతనే పుస్తకమున వ్రాయింపుడు. ఆ పుట చూపినపుడు అంగడివానికిని, ఇంటివారికిని ఆమెయే సమాధానము చెప్పగలదు. ఫలితమును మాకు వ్రాయుడు.