నట్టలున్నాయని వదిలేయమంటారా?

కుక్కపిల్ల మా ఇంటికొచ్చిన ఐదో రోజు పొద్దున వాకిలి కడుగుదామని వెళ్ళాను. అది దొడ్డికి వెళ్ళిన చోట తెల్లగా, సేమ్యా పోగుల్లాంటివి కదులుతున్నాయి. ఆ వారం మా ఇంట్లో ఎవరూ సేమ్యా ఉప్మా అడగలేదు లెండి.

అసలు కథ అప్పుడు మొదలైంది. కుక్కపిల్లని తేకపోతే అన్నం మానేస్తానని రెండు నెలలు బెదిరించిన మా అబ్బాయి ముక్కు మూసుకుని గదిలోకి పారిపోయాడు. మావారు "నువ్వే చూడు, నీకివన్నీ అలవాటేగా" అంటూ పేపర్లో తల దూర్చారు. అత్తయ్యగారు వెల్లుల్లి, పసుపు నూరి పాలల్లో పట్టించమన్నారు. పక్కింటి వదినగారైతే "పిల్లలు తిరిగే ఇల్లు, తీసుకెళ్ళి మార్కెట్ దగ్గర వదిలెయ్యండి" అని తేల్చేశారు.

ఆ పూట నాకు నోరు పెగల్లేదు. ఇప్పుడు ఒక్కొక్కరికీ జవాబు చెప్తాను.

ముందు వదినగారికి. నట్టలు పడటం ఆ పిల్ల తప్పూ కాదు, దాని జాతి తప్పూ కాదు. కుక్కపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే వాటికి చేరతాయి. తల్లిపాలతోనూ వస్తాయి. వేలు పోసి కొన్న జాతి కుక్కపిల్లకైనా ఇదే వరస. మన పిల్లల సంగతి చూడండి. ఫిబ్రవరి 10 వచ్చిందంటే బడిలో, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. నులిపురుగుల నివారణ దినం 2015లో మొదలైంది. కడుపులో పురుగులున్నాయని ఏ తల్లైనా బిడ్డని సంతలో వదిలేసి వస్తుందా?

పిల్లలకి అంటుకుంటుందన్న భయం మాత్రం నిజమైనదే, కాదనను. ఆ గుడ్లు మట్టిచేతులతో పిల్లల నోట్లోకి పోతే ప్రమాదమే. అరుదుగా కంటిచూపు దాకా వస్తుంది. కానీ ఏలికపాము గుడ్డు బయట పడ్డ వెంటనే అంటుకోదు, ముదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఏ రోజు పెంట ఆ రోజు ఎత్తేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలావరకు గండం గడిచినట్టే. ఎత్తకుండా వదిలేస్తే మట్టిలో ఆ గుడ్లు ఏళ్ళ తరబడి బతుకుతాయి. అంటే కుక్కపిల్లని మార్కెట్ దగ్గర వదిలేస్తే పురుగులు పోవు. అక్కడ కూరగాయలమ్మే ఆవిడ పిల్లాడు ఆడుకునే మట్టిలోకి చేరతాయి, అంతే. వాడు మాత్రం పిల్లాడు కాదా వదినా?

ఇక అత్తయ్యగారికి. మీ చేతి వైద్యంతో మా జలుబులు తగ్గాయి, ఒప్పుకుంటాను. కానీ ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఒంట్లో ఎర్ర రక్తకణాలని చెడగొడతాయి. కొంకిపురుగులుంటే అవి అప్పటికే రక్తం పీలుస్తూ ఉంటాయి. చిగుళ్ళు తెల్లగా పాలిపోతే ప్రాణం మీదికొచ్చినట్టే. అలాంటి పసిదానికి వెల్లుల్లి పట్టిస్తే ఉన్న రక్తం కూడా పోతుంది. మన మందుల డబ్బాలో మిగిలిన మాత్ర అరముక్క వెయ్యడమూ వద్దు. మందు కుక్క బరువుని బట్టి ఉంటుంది.

అందుకే చిన్న డబ్బాలో పెంట తీసుకుని, పిల్లని చంకనేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. తూకం వేస్తే రెండు కిలోల చిల్లర. పైరాంటెల్ ద్రవం సిరంజితో నోట్లో పోశారు. మర్నాడు ఇంకా ఎక్కువ పురుగులు పడ్డాయి. కంగారు పడకండి, మందు పనిచేస్తోందని అర్థం. రెండు వారాలకి మళ్ళీ పట్టించాలి. ఎందుకంటే మొదటి మందు పేగులో ఉన్నవాటినే చంపుతుంది, ఒంట్లో తిరుగుతున్న పిల్లపురుగులు తర్వాత పేగులోకి దిగుతాయి. ఆరు నెలలు నిండేదాకా నెలనెలా మందు తప్పదు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అది బద్దెపురుగు. దానికి మందు వేరు, బొచ్చులో గెంతే మిన్నల్లుల్ని కూడా వదిలించాలి.

చివరగా మావారికీ, మా అబ్బాయికీ. పెంట ఎత్తడం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. ఇంకెవరూ ఎత్తకపోతే నేనెత్తాను, దాన్ని మీరు అలవాటన్నారు. ముద్దులు అందరివీ, మురికి ఒక్కదానిదీ అయితే కుదరదు. ఆ సాయంత్రమే పని పంచాను. పొద్దున్నే పెంట ఎత్తడం అబ్బాయి వంతు, కాళ్ళకి చెప్పులతో, చేతికి కవరుతో. కొంకిపురుగు పిల్లలు వట్టి కాళ్ళ చర్మంలోంచి కూడా దూరతాయి మరి. క్యాలెండర్లో తేదీలు గుర్తుపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళడం వాళ్ళ నాన్న వంతు. మొదటిరోజు ఇద్దరూ మొహాలు మాడ్చుకున్నారు. రెండో విడత మందు ఆయనే పట్టించుకొచ్చారు, చొక్కా మీద సగం ఒలకబోసుకుని.

డిగ్రీలో ఆదిపర్వం చదువుకున్నాను. తప్పు చెయ్యని తన పిల్లని జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని, సరమ అనే కుక్క నేరుగా వెళ్ళి ఆ రాజునే నిలదీసింది. మా ఆడపిల్లకి ఆ పేరే పెట్టాను.

మీ ఇంట్లో ఎవరైనా కుక్కపిల్ల కావాలంటే, పొద్దున్నే దాని పెంట ఎవరెత్తుతారో ముందు అడగండి. జవాబు వచ్చాకే తెచ్చుకోండి. తెచ్చుకున్నాక మాత్రం వదిలేయకండి.